నేరం ఫెడరేషన్లది, నెపం క్రికెట్ మీద

2025 అక్టోబరు 14న మడ్గావ్‌లో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు 2027 ఆసియా కప్ ఆశలు పోగొట్టుకుంది. నెల తిరిగేసరికి, నవంబరు 18న, ఢాకాలో బంగ్లాదేశ్ మనల్ని 1-0తో ఓడించింది. ఆ దేశం చేతిలో ఫుట్‌బాల్‌లో మనం ఓడి అప్పటికి 22 ఏళ్లయింది. ఫిఫా ర్యాంకుల్లో 142వ స్థానానికి దిగజారాం. ఈ ఓటములకు జవాబుదారీ ఎవరన్న చర్చ మొదలుకాక ముందే పాత తీర్పు మళ్లీ వినిపించింది: క్రికెట్ పిచ్చి ఉన్నంతకాలం ఈ దేశంలో ఇంకో ఆట బతకదు. ఒలింపిక్స్ పతకాల పట్టికలో మన పేరు అడుగున కనిపించినప్పుడల్లా ఇదే మాట. టీకొట్టు దగ్గరా ఇదే, టీవీ చర్చల్లోనూ ఇదే. రాత్రంతా ఐపీఎల్ చూసినవాళ్లు కూడా పొద్దున్నే ఇదే మాట అంటారు.

ఈ వాదాన్ని దాని బలమైన రూపంలోనే తీసుకుందాం. దేశంలో క్రీడల మీద కంపెనీలు పెట్టే ఖర్చులో 80 శాతానికి పైగా క్రికెట్‌కే పోతోంది. 2023 నుంచి 2027 దాకా ఐదేళ్ల ఐపీఎల్ ప్రసార హక్కులు రూ.48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. పత్రికల్లో క్రీడల పేజీ తెరిస్తే క్రికెట్, ఛానల్ తిప్పితే క్రికెట్. ఊళ్లో ఉన్న ఒక్క మైదానంలోనూ పిచ్ గీసి ఉంటుంది. చురుకైన పిల్లవాడు కనిపిస్తే తల్లిదండ్రులు కొనిచ్చేది బ్యాటే. డబ్బు, ప్రచారం, మైదానం, పిల్లలు నాలుగూ ఒకే ఆట పట్టుకుపోతే మిగతా ఆటలకు ఏం మిగులుతుందన్నది వాళ్ల ప్రశ్న. ఇందులో చెప్పిన అంకెలు అబద్ధం కాదు, బాధా అబద్ధం కాదు. ఆ అంకెల నుంచి తీసిన నిర్ధారణ తప్పు. అది మామూలు తప్పు కూడా కాదు. అసలు దోషులను దశాబ్దాలుగా బోను ఎక్కకుండా కాపాడుతున్న తప్పు.

1. తేదీలు ఒప్పుకోవు

ఒకదాని వల్ల ఇంకొకటి జరిగిందని చెప్పాలంటే మొదటిది ముందు జరిగి ఉండాలి. భారత ఫుట్‌బాల్ మంచి రోజులన్నీ హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కాలంలోవి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ తరం మేటి ఆటగాళ్లలో ఒకడు. రహీం 1963లో కన్నుమూశారు. 1970 బ్యాంకాక్ కాంస్యం తర్వాత ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్‌కు పతకమే లేదు. అంటే ఈ ఆట కుప్పకూలింది 1960లు, 70లలో. అప్పటికి దేశంలో చాలా ఇళ్లలో టీవీలే లేవు.

హాకీ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1928 నుంచి 1956 దాకా వరుసగా ఆరు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన జట్టు 1976లో మాంట్రియాల్‌లో ఏడో స్థానానికి పడిపోయింది. ఒలింపిక్ హాకీని మొదటిసారి కృత్రిమ పచ్చిక మీద ఆడించింది అక్కడే. ప్రపంచమంతా ఆ పచ్చికకు మారిపోతుంటే మన సంఘం ఏళ్ల తరబడి పిల్లల చేత మట్టి మీదా గడ్డి మీదా ఆడించింది. 1980 మాస్కోలో స్వర్ణం దక్కినా, చాలా దేశాలు బహిష్కరించిన ఒలింపిక్స్ అవి. 1982 డిసెంబరు 1న ఢిల్లీలో, సొంత ప్రేక్షకుల ముందు, ఆసియా క్రీడల ఫైనల్లో పాకిస్థాన్ చేతిలో 7-1తో ఓడిపోయాం. కపిల్ దేవ్ లార్డ్స్‌లో ప్రపంచ కప్ ఎత్తింది ఆ తర్వాత, 1983 జూన్ 25న.

అప్పుడు కూడా క్రికెట్ బోర్డు చేతిలో డబ్బు లేదు. గెలిచి వచ్చిన జట్టుకు బహుమతి ఇవ్వడానికి లతా మంగేష్కర్ చేత ఢిల్లీలో కచేరీ పెట్టించి, ఆ వసూళ్లలోంచి ఒక్కో ఆటగాడికి లక్ష రూపాయలు ఇచ్చారు. టీవీ హక్కులు అమ్మి డబ్బు చేసుకోవడం 1990లలో గానీ మొదలుకాలేదు. 1970లలో పడిపోయిన ఆటను 1990లలో వచ్చిన డబ్బు పడగొట్టిందనడం, పుట్టని మనిషి మీద హత్యానేరం మోపడమే.

పడగొట్టింది వేరే కారణాలే కావచ్చు, లేవనీయకుండా తొక్కిపెట్టింది మాత్రం క్రికెటే కదా అని ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. న్యాయమైన అభ్యంతరమే. దానికి జవాబు హైదరాబాద్‌లోనే ఉంది.

2. ఒకే ఊరు, ఒకే ఏడాది

2008లో ఐపీఎల్ పుట్టింది, హైదరాబాద్‌కు డెక్కన్ ఛార్జర్స్ జట్టు వచ్చింది. అదే ఏడాది అదే నగరంలో, గచ్చిబౌలిలో పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ తెరుచుకుంది. క్రికెట్ మిగతా ఆటల్ని చంపుతుందన్న సిద్ధాంతానికి ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు. ఛార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచింది, 2012లో రద్దయింది. ఆ 2012లోనే సైనా నెహ్వాల్ లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. 2016 మే నెలాఖరున సన్‌రైజర్స్ హైదరాబాద్ ఐపీఎల్ కప్ ఎత్తితే, ఆగస్టులో పి.వి. సింధు రియోలో రజతం తెచ్చింది. అంటే క్రికెట్ ఈ నగరాన్ని అత్యధికంగా ఊపేసిన ఏడాదే బ్యాడ్మింటన్ కూడా ఊపేసింది. 2017లో గుంటూరు జిల్లా కుర్రాడు కిదాంబి శ్రీకాంత్ ఒకే ఏడాదిలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు. 2019లో సింధు ప్రపంచ ఛాంపియన్ అయింది. 2022లో భారత్ తొలిసారి థామస్ కప్ గెలిచినప్పుడు ఆ జట్టులో శ్రీకాంత్‌తో పాటు అమలాపురం నుంచి వచ్చిన సాత్విక్ సాయిరాజ్ ఉన్నాడు.

అజహరుద్దీన్‌నూ లక్ష్మణ్‌నూ సిరాజ్‌నూ ఇచ్చిన నగరమిది. ఇక్కడి పిల్లలకు క్రికెట్ మీద మోజు తగ్గలేదు, ఐపీఎల్ టికెట్ల కోసం క్యూలూ తగ్గలేదు. కొత్తగా వచ్చినవి కొన్నే. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి వచ్చిన ఒక కోచ్, ఆయనకు ప్రభుత్వం ఇచ్చిన ఐదెకరాల భూమి, పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ఇచ్చిన ఐదు కోట్ల విరాళం, సొంత ఇల్లు తాకట్టు పెట్టిన పట్టుదల, తెల్లవారకముందే మొదలయ్యే సాధన. వీటిలో ఏ ఒక్కటీ క్రికెట్ నుంచి లాక్కున్నది కాదు. చెన్నైలోనూ ఇంతే. చెపాక్ నిండే నగరమే దేశానికి చదరంగపు రాజధాని. గుకేశ్, ప్రజ్ఞానంద అక్కడి పిల్లలే. విశ్వనాథన్ ఆనంద్ మన మొదటి గ్రాండ్‌మాస్టర్ అయింది 1988లో. ఇప్పుడు మన గ్రాండ్‌మాస్టర్లు 80 మందికి పైనే. 2024 చదరంగం ఒలింపియాడ్‌లో ఓపెన్, మహిళల విభాగాలు రెండింటిలోనూ స్వర్ణం గెలిచాం. క్రికెట్ నిజంగా మిగతా ఆటల ఊపిరి తీసేదే అయితే ఈ రెండు నగరాల్లో బ్యాడ్మింటన్, చదరంగం ముందు చచ్చిపోవాలి.

3. డబ్బు వచ్చింది, ఏమైంది?

క్రికెట్ డబ్బంతా పట్టుకుపోతోందన్న మాటలో ఒక లెక్క తప్పు దాగి ఉంది. దేశంలో క్రీడలకు ఒకే సంచి ఉన్నట్టు, క్రికెట్ అందులోంచి ఎక్కువ తీసుకున్నట్టు ఊహించుకుంటారు. బీసీసీఐ నడిచేది ప్రభుత్వ నిధుల మీద కాదు. కేంద్రం 2025-26 బడ్జెట్‌లో యువజన వ్యవహారాలు, క్రీడల శాఖకు సుమారు రూ.3,794 కోట్లు కేటాయించింది. అందులో క్రీడలకు పోయేది మిగతా ఆటలదే. పారిస్ ఒలింపిక్స్‌కు ముందు మూడేళ్లలో 16 క్రీడాంశాల తయారీకి దాదాపు రూ.470 కోట్లు ఖర్చయింది. అందులో బాక్సింగ్‌కు రూ.60 కోట్లకు పైగా పోయినా పతకం రాలేదు. హాకీకి సుమారు రూ.41 కోట్లతో కాంస్యం వచ్చింది. ఒక్క ఒలింపిక్స్ చూసి ఏ ఆటకూ తీర్పు చెప్పకూడదు. కానీ డబ్బు పెరిగితే పతకం పెరుగుతుందన్న సూటి లెక్క పనిచేయదని చెప్పడానికి ఇది చాలు.

ఫుట్‌బాల్ సంగతికొస్తే, క్రికెట్ ఆ ఆట డబ్బు లాక్కోలేదు, క్రికెట్ పెట్టుబడే ఫుట్‌బాల్‌లోకి వచ్చింది. ముంబై ఇండియన్స్ యజమాని అయిన రిలయన్స్ అండతోనే 2010లో భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు 15 ఏళ్లకు రూ.700 కోట్ల ఒప్పందం దక్కింది. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) అందులోంచి పుట్టిందే. ఢిల్లీ క్యాపిటల్స్‌లో వాటా ఉన్న జేఎస్‌డబ్ల్యూదే బెంగళూరు ఎఫ్‌సీ. లక్నో సూపర్ జెయింట్స్ యజమాని సంజీవ్ గోయెంకా చేతిలోనే మోహన్ బగాన్ ఉంది. సచిన్, గంగూలీ, ధోనీ, కోహ్లీ నలుగురూ ఏదో ఒక దశలో ఐఎస్ఎల్ జట్లలో వాటాదారులు. క్రికెట్ తన డబ్బునూ, తన తారలనూ, తన ప్రకటనదారులనూ ఫుట్‌బాల్‌కు అరువిచ్చిన పదిహేనేళ్లవి.

ఆ పదిహేనేళ్ల చివర ఏమైందో చూడండి. ఒప్పందం 2025 డిసెంబరులో ముగుస్తుందని పదిహేనేళ్ల ముందే అందరికీ తెలుసు. సమాఖ్య కొత్త నియమావళి మీద కేసు సుప్రీంకోర్టులో ఏళ్ల తరబడి నలుగుతుండగా, తుది తీర్పు వచ్చేదాకా కొత్త ఒప్పందం కుదుర్చుకోవద్దని కోర్టు చెప్పవలసి వచ్చింది. 2025 జులైలో నిర్వాహక సంస్థ లీగ్‌ను ఆపేసింది. తర్వాత పిలిచిన టెండర్‌కు నవంబరు గడువు దాటినా ఒక్క బిడ్ రాలేదు. సెప్టెంబరులో మొదలవ్వాల్సిన లీగ్ 2026 కొత్త సంవత్సరం వచ్చేనాటికి కూడా మొదలుకాలేదు. ఆటగాళ్లు జీతాలు వస్తాయో రావో తెలియక నెలలు గడిపారు. ఇందులో క్రికెట్ పాత్ర ఎక్కడుంది? చిల్లికుండకు నీళ్లు తక్కువయ్యాయని పక్కింటి బావిని తిడితే కుండ నిండదు. రేపు బీసీసీఐ తన ఆదాయంలో సగం పంచినా ఇదే యంత్రాంగం చేతిలో అది ఏమవుతుందో చెప్పమని ఈ వాదం చేసేవాళ్లను అడగాలి.

ప్రేక్షకులు లేరన్న మాటా నిలబడదు. 2017లో అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మన దేశంలో జరిగితే, ఎవరూ పేరు వినని పదహారేళ్ల విదేశీ పిల్లల ఆట చూడటానికి 13 లక్షల 47 వేల మంది స్టేడియాలకు వచ్చారు. ఫిఫా యువజన టోర్నీల్లో అది రికార్డు. 2014లో ప్రో కబడ్డీ మొదలైతే, పల్లె ఆట అని ప్రకటనదారులు పట్టించుకోని కబడ్డీ తొలి సీజన్‌ను 43 కోట్ల మందికి పైగా చూశారని లెక్క తేలింది. క్రికెట్ అభిమాని ఇంకో ఆట చూడనని ఎన్నడూ మొండికేయలేదు. చూడదగ్గ ఆటను, చూసే వేళకు, చూసే చోట చూపించినప్పుడల్లా చూశాడు.

4. పిల్లలందరినీ క్రికెట్ ఎగరేసుకుపోతోందా?

ఈ వాదంలో కాస్త నిజమున్నది ఈ భాగంలోనే. నగరాల్లో క్రికెట్ కోచింగ్ సెంటర్లకు పోయే పిల్లలు చాలామంది. వాళ్లలో ఎక్కువమందికి చివర దక్కేది ఏమీ లేదు. ఐపీఎల్‌లో పది జట్లు, జట్టుకు గరిష్ఠంగా 25 మంది, అందులో విదేశీయులు పోను మన కుర్రాళ్లకు దక్కేవి రెండు వందల లోపు స్థానాలే. అయితే పిల్లలు ఒక ఆటవైపు పోవడానికి కారణం ఆ ఆట మోజొక్కటే కాదు. ఇంటి దగ్గర కోచ్ ఉన్నాడా, వయసువారీగా పోటీలు జరుగుతాయా, గెలిస్తే పైకి పోయే దారి ఉందా, ఓడితే ఉద్యోగమైనా వస్తుందా అన్నవి తల్లిదండ్రులు వేసుకునే లెక్కలు. కపిల్ దేవ్‌ను ఇచ్చిన, 1990-91లో రంజీ ట్రోఫీ గెలిచిన హర్యానాలోనే కుస్తీ అఖాడాలు, బాక్సింగ్ రింగులు నిండుగా ఉన్నాయి, నీరజ్ చోప్రా అక్కడివాడే. ఆ రాష్ట్రం పతకం తెచ్చినవాడికి నగదూ ఉద్యోగమూ ఇచ్చింది. తల్లిదండ్రుల లెక్క దాన్నిబట్టి మారింది.

క్రికెట్ పిచ్చి దాదాపు లేని ప్రాంతం కావాలంటే మిజోరం చూడండి. అక్కడ పిల్లల కాళ్ల దగ్గర ఉండేది ఫుట్‌బాలే. 2016-17లో ఐజ్వాల్ ఎఫ్‌సీ పెద్ద పెద్ద క్లబ్బులను దాటి దేశ ఛాంపియన్‌గా నిలిచింది, ఐ-లీగ్ గెలిచింది. ఆ గెలుపుకు దక్కిందేమిటి? ఆ వెంటనే ఐఎస్ఎల్‌కు సమాంతర అగ్రశ్రేణి లీగ్ హోదా ఇచ్చారు. ఆట గెలిచి అందులోకి ఎక్కే దారి మాత్రం ఐజ్వాల్‌కు పెట్టలేదు. ఐ-లీగ్ విజేతకు పై లీగ్‌లో చోటు దొరకడం 2023లో పంజాబ్ ఎఫ్‌సీతో గానీ మొదలుకాలేదు. క్రికెట్ నీడ కూడా పడని చోట ఎదిగిన ఫుట్‌బాల్‌ను నిలువునా ఆపింది కాగితం మీద సంతకాలు పెట్టే ఫుట్‌బాల్ అధికారులు.

5. పొరుగు దేశాల సాక్ష్యం

ఢాకాలో మనల్ని ఓడించిన బంగ్లాదేశ్‌కు క్రికెట్ పిచ్చి లేదని ఎవరైనా అంటారా? పాకిస్థాన్ 1992లో క్రికెట్ ప్రపంచ కప్ గెలిచింది, రెండేళ్ల తర్వాత 1994లో హాకీ ప్రపంచ కప్ కూడా గెలిచింది. క్రికెట్ వెలుగు తారస్థాయిలో ఉన్నప్పుడు హాకీలోనూ ప్రపంచ విజేత. అదే పాకిస్థాన్ హాకీ జట్టు 2016, 2020, 2024 మూడు ఒలింపిక్స్‌కూ అర్హతే సాధించలేదు. ఆస్ట్రేలియా 2003లో క్రికెట్ ప్రపంచ కప్పు, 2004లో హాకీ ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. ఇక క్రికెట్ ఊసే లేని చైనా ఫుట్‌బాల్ మీద వేల కోట్లు గుమ్మరించి, పురుషుల ప్రపంచ కప్‌కు వెళ్లింది 2002లో ఒక్కసారే. క్రికెట్ ఉన్నచోట ఇతర ఆటలు గెలుస్తున్నాయి, ఓడుతున్నాయి. లేనిచోటా ఓడుతున్నాయి. దీని మీద సిద్ధాంతం కట్టలేం.

6. క్రికెట్‌నే క్రికెట్ కాపాడలేని చోట

ఈ వాదాన్ని పూర్తిగా కూల్చే సాక్ష్యం హైదరాబాద్ క్రికెట్‌లోనే ఉంది. డబ్బు, ప్రచారం, పిల్లలు ఉంటే ఆట దానంతటదే వెలుగుతుందనుకుంటే హైదరాబాద్ రంజీ జట్టు దేశంలో ముందుండాలి. ఆ జట్టు రంజీ గెలిచింది 1937-38లో, 1986-87లో. అంతే. 2022-23 సీజన్‌లో అట్టడుగున నిలిచి, తర్వాతి ఏడాది ప్లేట్ విభాగంలో ఆడవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు హైదరాబాద్ క్రికెట్ సంఘాన్ని విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు చేతిలో పెట్టింది. ఇదే దశాబ్దంలో విదర్భ 2017-18, 2018-19, 2024-25 సీజన్లలో మూడుసార్లు రంజీ గెలిచింది. రెండు సంఘాలకూ బోర్డు ఒకటే, ఆట ఒకటే. తేడా సంఘాన్ని నడిపిన తీరులో ఉంది.

ఈ తేడాను పట్టుకుని మిగతా ఆటల చరిత్ర చదివితే అంతా స్పష్టమవుతుంది. 2008లో భారత హాకీ తొలిసారి ఒలింపిక్స్‌కు అర్హత కోల్పోయింది. ఆ వెంటనే, జట్టులో చోటుకు లంచం తీసుకుంటున్నట్టు హాకీ సంఘం కార్యదర్శి మీద టీవీ ఛానల్ దృశ్యాలు బయటపెట్టడంతో ఆ సంఘాన్నే సస్పెండ్ చేశారు. 2012 డిసెంబరు నుంచి 2014 ఫిబ్రవరి దాకా మన ఒలింపిక్ సంఘం మీదే అంతర్జాతీయ నిషేధం. 2022 మేలో, పదవీకాలం ముగిసినా ఎన్నికలు లేకుండా కూర్చున్న ఫుట్‌బాల్ కార్యవర్గాన్ని సుప్రీంకోర్టు తొలగించింది, ఆగస్టులో ఫిఫా మనల్ని సస్పెండ్ చేసింది. 2023లో కుస్తీ సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలతో ఒలింపిక్ పతక విజేతలు రోడ్డు మీద కూర్చున్నారు, సకాలంలో ఎన్నికలు జరపనందుకు ఆగస్టులో అంతర్జాతీయ సంఘం ఆ సమాఖ్యను సస్పెండ్ చేసింది. 2022 మార్చిలో ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, జీతాల బకాయిల వివాదాల్లో, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా ఆంక్షల్లో కూరుకుపోయి 2025లో ఢిల్లీకి తరలిపోయింది. రహీం పుట్టిన నగరానికి ఇప్పుడు అగ్రశ్రేణి లీగ్‌లో జట్టు లేదు.

హాకీ లేచింది కూడా ఇదే కారణంతో. 2018 నుంచి ఒడిశా ప్రభుత్వం జాతీయ జట్ల ఖర్చు భరించింది, భువనేశ్వర్, రూర్కెలాల్లో మైదానాలు కట్టింది, శిక్షణ ఆగకుండా చూసింది. 41 ఏళ్ల తర్వాత టోక్యోలో పతకం వచ్చింది, పారిస్‌లో మళ్లీ వచ్చింది. ఈ మధ్యలో ఐపీఎల్ తగ్గలేదు, ఎనిమిది జట్ల నుంచి పది జట్లకు పెరిగింది.

7. ఈ మాట వల్ల ఎవరికి లాభం?

క్రికెటే కారణమని అనుకున్నంతకాలం ఏ సంఘం అధ్యక్షుడూ, ఏ కార్యదర్శీ జవాబు చెప్పనక్కర్లేదు. జట్టు ఓడితే ప్రజల అభిరుచిది తప్పు, స్టేడియం ఖాళీగా ఉంటే టీవీది తప్పు, పిల్లలు రాకపోతే తల్లిదండ్రులది తప్పు. ఫెడరేషన్లు ఇంతకంటే మంచి వకీలును డబ్బిచ్చి పెట్టుకోలేవు. అభిమానులు ఆ వకాల్తా ఉచితంగా పుచ్చుకున్నారు. పైగా ఇది నిస్సహాయతను నేర్పుతుంది. క్రికెట్ మీద మోజు తగ్గేదాకా ఏమీ చేయలేమని చెప్పే సిద్ధాంతం, రేపు ఉదయం చేయగల పనులన్నిటినీ వాయిదా వేయిస్తుంది. ప్రచారంలో అసమానత నిజమే, దాని మీద పత్రికలతో, ఛానళ్లతో పోట్లాడాల్సిందే. కానీ అది చివరి మెట్టు. జిల్లా లీగ్ లేని ఆటకు టీవీ చూపించడానికి ఏముంటుంది?

2025 ఆగస్టులో జాతీయ క్రీడా పాలనా చట్టం వచ్చింది. సంఘాల గుర్తింపును చూసే జాతీయ క్రీడా మండలి, వివాదాలు తేల్చే ట్రైబ్యునల్, కార్యవర్గాల్లో క్రీడాకారులకూ మహిళలకూ చోటు ఆ చట్టంలో ఉన్నాయి. బీసీసీఐ కూడా దాని పరిధిలోనిదే. చట్టం రాగానే అంతా మారిపోదు, అడిగేవాళ్లు ఉంటేనే అది పనిచేస్తుంది. కాబట్టి ఫుట్‌బాల్ జట్టు ఇంకోసారి ఓడినప్పుడు క్రికెట్ మీద విరుచుకుపడకండి. మీ జిల్లా ఫుట్‌బాల్ సంఘానికి ఎన్నికలు ఎప్పుడు జరిగాయో కనుక్కోండి. పోయిన ఏడాది పదమూడేళ్ల లోపు పిల్లలకు ఎన్ని లీగ్ మ్యాచ్‌లు ఆడించారో, ప్రభుత్వ గ్రాంటులో ఎంత మైదానానికి, ఎంత ప్రయాణ భత్యాలకు పోయిందో రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే మళ్లీ అడగండి.